ఏడో నంబరు సీసా

ఇబ్రహీంపట్నం,
మార్చి 9.

చిరంజీవి స్టెల్లాకి,

నాన్న ఆశీస్సులు. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వు ఆ చలిలో స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని కులాసాగా ఉన్నావని నేను నమ్ముతున్నాను. మీ అమ్మ నమ్మడం లేదు.

నీ ఉత్తరం లడఖ్ నుంచి పదమూడు రోజులకి చేరింది. ఆ ఊళ్ళో సిగ్నల్ లేకపోబట్టి గానీ, లేకపోతే ఈ రోజుల్లో నీ దస్తూరీ చూసే యోగం మాకెక్కడిది? నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. నా దగ్గు తగ్గింది. మోకాలి పట్టీ కట్టుకుంటే కుచ్చిళ్ళు నిలవడం లేదని అమ్మ దాన్ని బీరువాలో దాచింది. నువ్వు చెబితే తీస్తుంది, నేను చెబితే తీయదు. పక్కింటి అమలమ్మ గారు నిన్ను మరీ మరీ అడిగారు. విజయవాడ రోడ్ల మీద లేని దుమ్ము ఆ మంచుకొండల్లో ఏముందని ఆవిడ అనుమానం ఇంకా తీరలేదు. ఇక పరిశోధనకని నువ్వు తెచ్చి ఇక్కడ దాచిన సీసాలు జాగ్రత్తగా ఉన్నాయా అన్నావు. దానికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు.

ముందు చర్చి సంగతి చెప్పాలి. విభూది బుధవారం నాడు అందరి నుదుటా పెట్టే బూడిద పద్నాలుగేళ్ళుగా నేనే చేస్తున్నాను కదా. కిందటేడు మ్రానికొమ్మల ఆదివారం పంచిన ఈతాకులు దాచి, కాల్చి, పలచటి పంచె ముక్కలో మూడుసార్లు జల్లించి ఫాదర్ గారికి ఇస్తాను. ఈసారి ఆకులు దాచిన గదిలో వాన కారి అవి కుళ్ళిపోయాయి. మిగిలినవి కాలిస్తే అరగ్లాసు కూడా రాలేదు. వచ్చేది మూడొందల మంది.

అయినా బూడిద అందరికీ సరిపోయింది. పెట్టించుకున్న ప్రతివాళ్ళ నుదురూ లైట్ల కింద తళుక్కుమంది. అమలమ్మ గారికి ఫాదర్ గారి వేలు గరుకుకాగితంలా తగిలిందట. ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్ళకైతే తడి ఆరగానే అంతా లేచిపోయింది. కానుకల పాటకి ముందే సగం మంది ఉత్త నుదుళ్ళతో ఉన్నారు.

నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అది నీ ఏడో నంబరు సీసాలోని మట్టి.

పొరపాటున కలిసిపోయిందని అమ్మకీ ఫాదర్ గారికీ చెప్పాను. అది అబద్ధం, తల్లీ. నేను తెలిసే కలిపాను. ఇరవై తొమ్మిదేళ్ళు పవర్ ప్లాంటులో బూడిద పని చేసినవాడికి బూడిద కరువైందంటే ఊరు నవ్వదూ? చెప్పడానికి నామోషీ అయింది. రంగు కలిసింది కదా అని పై అరలోంచి నీ సీసా దించాను. రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను కూడా. మా ప్లాంటు బూడిద రేణువులు గుండ్రంగా ఉంటాయి, వేళ్ళ మధ్య నూనెలా జారతాయి. నీ మట్టి జారలేదు. మంచు కొండని రాసుకుంటూ దిగి రాయిని పిండి చేస్తుందనీ, ఆ పిండిలో ప్రతి రేణువుకీ పదునైన అంచులుంటాయనీ, మధ్యలో మెరిసేది అభ్రకమనీ క్రిస్మస్‌కి వచ్చినప్పుడు భూతద్దం పెట్టి మరీ చూపించావు. అన్నీ గుర్తున్నాయి. దుమ్మే కదా, తొమ్మిది సీసాల్లో ఒకటి పోతే ఏమవుతుందిలే అనుకున్నాను.

మూడో రోజు అమ్మ చెప్పింది. నువ్వు ఆ మట్టి ఎత్తిన ఏటి ఒడ్డు ఆగస్టు వరదకి కొట్టుకుపోయిందట, ఇక అది ఎక్కడా దొరకదట. మంచు కరిగిన నీళ్ళలో తవ్వి తవ్వి నీ గోళ్ళు నల్లబడింది కూడా ఆ రోజేనట. నేను కంగారుపడతానని నాకు చెప్పొద్దన్నావట. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

శనివారం వెళ్ళి ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేసి తప్పు ఒప్పుకున్నాను. అంతా విని ఫాదర్ గారు, "దేవుడు క్షమిస్తాడండీ సంజీవరావు గారూ, అందులో అనుమానం లేదు. కానీ ఆ సీసా అమ్మాయిది కదా. ఆ అమ్మాయికి మీరే చెప్పుకోవాలి" అన్నారు.

సీసా అడుగున బూడిద కలవని మట్టి రెండు చెంచాలు మిగిలింది. మూతకి టేపు చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. అందులో ఏయే ఖనిజాలున్నాయో చూడటానికి చిటికెడు చాలని నువ్వే అన్నావు. ఎంత గాలికి లేస్తుందో చూడటానికి మాత్రం సీసా నిండా కావాలన్నావు. ఆ పరీక్ష నా వల్ల పోయింది. నీ కష్టాన్ని నేను దుమ్మనుకున్నాను, అమ్మా. నన్ను క్షమించమని అడుగుతున్నాను. ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు మీ అమ్మకీ చదివి వినిపిస్తాను.

నీ ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది. థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీలో మా ఇద్దరి పేర్లూ ఎలా రాయాలని అడిగావు. అమ్మ పేరు శౌరమ్మ అని రాయి, చాలు. నా పేరు ఆ పేజీలో వద్దు. ఏడో నమూనాకి గాలి పరీక్ష ఎందుకు జరగలేదో చెప్పాల్సిన పేజీ ఒకటి ఉంటుంది కదా, అక్కడ రాయి. మా నాన్న సంజీవరావు తెలిసే వాడేశాడు అని, ఉన్నది ఉన్నట్టు. మీ గైడు గారి ముందు నువ్వు తలదించుకోకూడదు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని తిరిగిన
మీ నాన్న
సంజీవరావు