సలి

మంగళవారం. ఆస్పత్రిలో డ్యూటీ ముగించి చూలైలో ఇంటికి వచ్చినాను. అన్నం పెట్టుకోకుండా ఇది రాస్తా ఉన్నాను.

నాలుగో బెడ్డు సత్తెమ్మ శ్రీకాకుళం నుంచి మద్రాసుకు, షోళింగనల్లూరులో బిల్డింగు పనికొచ్చిన మనిషి. కీళ్లవాతానికి చాన్నాళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతా ఉంది. పొద్దున దుప్పటి మీదికి లాక్కుంటా, "సలి సిస్టరూ, సలి" అనింది. అరవంలో సలి అంటే కఫం, జలుబు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, అయినా నా చెవికి అరవమే వినపడింది. జ్వరం చూస్తే లేదు. జలుబని రాసి, ఆవిరి పట్టించి పోయినాను.

ఆ మాత్రలు జ్వరాన్ని దాచేస్తాయని కొత్త నర్సులకు చెప్పేది నేనే! ఆమె చెప్పింది చలి, వాళ్ల యాసలో సలి. ఆ దుప్పటి చూసినా నా బుర్రకు తట్టలా.

మధ్యాహ్నానికి బీపీ పడిపోయింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయిందన్నారు. ఐసీయూకి మార్చినాము. పొద్దున చలీ వణుకూ ఏమన్నా ఉందనిందా అని డాక్టరు అడిగినాడు. "లేదు సార్, జలుబనే చెప్పింది" అన్నాను. ఎట్ల అన్నానో...

సాయంత్రం ఆమె మొగుడు లిఫ్ట్ కాడ నాకు చేతులెత్తి దండం పెట్టినాడు.

"మా బాస తెలిసిన సిస్టరు దొరికినారు తల్లీ, అదే మా అదృష్టం."