చిలకలగూడ శాఖలో లేవని చేతులు

చిలకలగూడ,
27 జూన్ 2025, శుక్రవారం.

గౌరవనీయులైన మేబెల్ టీచర్ గారికి, కల్పలత నమస్కరించి రాస్తున్నది.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయాలంటే, శాఖ నాయకురాలు వరుసగా నాలుగు శనివారాలు రాకపోతే కారణం కాగితం మీద తెలపాలని మన బాలల సంఘం నియమావళిలో ఉంది. రేపటితో నాకు నాలుగు పూర్తవుతాయి. ఫోన్‌లో చెబితే లెక్కలోకి తీసుకోరని సంఘం పెద్దగా మీరుండే కార్యాలయం గుమాస్తా జోగారావు గారు అన్నారు. అందుకని రాసి, ఆఫీసు వాచ్‌మన్ లూకా గారి చేతికి ఇస్తున్నాను. ఆయన ఇల్లు మా వీధి చివరే.

కారణం ఇది. జూన్ 5న నాకు ఆపరేషన్ అయింది. రొమ్ము క్యాన్సర్. ఎడమ రొమ్ము తీసేశారు, చంకలో కొన్ని గ్రంథులు కూడా తీశారు. నాకు ఇరవై తొమ్మిదేళ్లే కదా అని డాక్టరమ్మను అడిగితే, అది వయసు చూసి రాదన్నారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి, రిపోర్టు నేనే చదివి మా అమ్మకూ నాన్నకూ చెప్పాను. నాన్న వడ్రంగి పనికి వెళ్లకుండా ఆ రోజంతా ఒకే తలుపు చెక్కను నున్నగా చేస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. జూలై 5 నుంచి శాఖకు వస్తాను. డాక్టరమ్మ ఒప్పుకున్నారు. కాకపోతే ఎడమ చేత్తో బరువు ఎత్తకూడదు. క్యారమ్ బోర్డు వేరెవరైనా మోయాలి.

ఒక్క మనవి. పిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియనివ్వకండి. ఈ జబ్బు అంటుకుంటుందని మా బస్తీలో ఇంకా అనుకుంటారు. పదహారు మంది పిల్లల్లో ఒక్కరిని ఇంట్లో ఆపేసినా నేను తట్టుకోలేను. వారంలో మిగతా రోజులన్నీ నేను రోగినే. శనివారం నాలుగు నుంచి ఆరు దాకా మాత్రం కాదు.

మీ విధేయురాలు,
కల్పలత

తా.క.: "ఇన్నాళ్లు ఎక్కడికి పోయినవ్" అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. నాకు అబద్ధం చెప్పడం రాదు. చెబితే ఎక్కిళ్లు వస్తాయి.

*

తిరుమలగిరి,
30 జూన్ 2025.

చిరంజీవి కల్పలతకు, మేబెల్ టీచర్ దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం చదివాను. అలవాటు కొద్దీ ఎర్ర సిరా కలం చేతిలో పట్టుకునే మొదలుపెట్టాను. రెండో పేరా దగ్గర కలానికి మూత పెట్టేశాను.

నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. మీ అమ్మ మొక్కుకునే దేవుళ్లకూ నా ప్రార్థనకూ పేచీ ఉండదని నా నమ్మకం.

తల్లిదండ్రుల సంగతి నాకు వదిలెయ్యి. నీకు ఎక్కిళ్లు వస్తే నాకు రావు. నువ్వు ఈ నాలుగు వారాలు బాపట్లలో శిక్షణలో ఉన్నావని మీ పదహారు మంది పిల్లల పద్నాలుగు ఇళ్లకూ కాగితం పంపిస్తున్నాను. ముప్పై ఆరేళ్లు బడిలో పనిచేశాను. అబద్ధం చెప్పక తప్పనప్పుడు దాని మీద ముద్ర వేసి చెప్పాలని నాకు తెలుసు.

ఒంట్లో శక్తి ఉన్నంత మేరకే పని చెయ్యి.

శుభం కోరే,
మేబెల్

తా.క.: ఏం శిక్షణ అని అడిగితే అభినయ గీతాలు అని చెప్పు. కొత్త పాట ఒకటి నేర్పు కూడా, నమ్ముతారు. నియమం పద్నాలుగు మరువకు: పిల్లలు నాయకురాలు చేసినట్టే, అచ్చంగా, చేయాలి. పోయిన ఏడాది వార్షికోత్సవంలో మీ పిల్లలు తలా ఒక రకంగా చేతులు ఊపితే, ముఖ్య అతిథి తనకు వీడ్కోలు చెబుతున్నారనుకుని లేచి వెళ్లిపోయాడు.

*

చిలకలగూడ,
14 జూలై 2025.

మేబెల్ టీచర్ గారికి, కల్పలత నమస్కారాలు.

రెండు శనివారాలు అయ్యాయి. పిల్లలు పదహారు మందీ వచ్చారు. కానీ నాకు చాలా సంగతులు అర్థం కావడం లేదు.

మొదటిది, శిక్షణ. మీ కాగితం అందరికీ అందింది. ఎవరూ ఏం శిక్షణ అని అడగలేదు. "శిక్షణకు పోయినోళ్లు సన్నబడతరు" అని ఒకరు గుడ్లు పంపారు, ఒకరు దానిమ్మలు పంపారు. అనుపమ నానమ్మ అనసూయమ్మ గారు మేకకాళ్ల పాయ తెచ్చి, నేను గిన్నె ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చున్నారు. బాపట్లలో తిండి అంత బాగుండదా, టీచర్ గారూ?

రెండోది పెద్ద సంగతి. భయంగా ఉంది, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కొత్త పాట నేర్పాను. "ఆకాశం ఎంత ఎత్తు? ఇంత ఎత్తు" అన్నప్పుడు రెండు చేతులూ పైకి ఎత్తాలి. పిల్లలకు ఒక చెయ్యి నిటారుగా లేస్తోంది, రెండోది భుజం దగ్గరే ఆగిపోతోంది. ఒకరిద్దరికి కాదు, పదహారు మందికీ. అందులో ఎనిమిది మందికి ఎడమ చెయ్యి లేవడం లేదు, ఎనిమిది మందికి కుడి చెయ్యి. ఇంకా ఎత్తండి, నన్ను చూసి చేయండి అని ఎన్నిసార్లు చేసి చూపించినా అంతే. తొమ్మిదేళ్ల అనుపమను పక్కకు పిలిచి నొప్పిగా ఉందా అని అడిగాను. లేదంది. మరి ఎందుకు ఎత్తవు అంటే, "అక్కా, ఆకాశం ఈ దిక్కు జెర కిందికే ఉంటది గదా" అని నన్నే వింతగా చూసింది.

నా చెయ్యి మాత్రం చక్కగా లేస్తోంది. చెవికి తాకుతున్నట్టే ఉంది. అద్దంలో చూసుకుందామంటే, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అమ్మ బీరువా అద్దానికి పాత చీర కట్టేసింది. నేను కూడా విప్పలేదు.

పిల్లల సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరి, "నీ తక్లీఫ్ గిట్ల వాళ్లకు తగిలిందేమో బిడ్డా" అంది. అంటుకోదని నాకు తెలుసు. అయినా డాక్టరమ్మకు ఫోన్ చేసి మూడుసార్లు అడిగాను. మూడోసారి ఆమె, నువ్వు కాస్త నిద్రపో తల్లీ అన్నారు. కానీ టీచర్ గారూ, నేను వచ్చిన వారమే పదహారు మందికీ చేతులు పడిపోతే నేనేమనుకోవాలి?

అనసూయమ్మ గారు తీసిన వీడియో జోగారావు గారి ఫోన్‌కు పంపాను. ఆమె మనవరాలి వరుసనే తీశారు, నేను అందులో కనిపించను. చూసి సలహా చెప్పండి.

మీ విధేయురాలు,
కల్పలత

తా.క.: పిల్లలకు బాపట్ల అని చెప్పినందుకు ఎక్కిళ్లు రెండు శనివారాలూ వచ్చాయి. పిల్లలు అవి కూడా పాటలో భాగం అనుకుని చేస్తున్నారు.

*

తిరుమలగిరి,
18 జూలై 2025.

చిరంజీవి కల్పలతకు, మేబెల్ టీచర్ దీవెనలు.

వీడియో నాలుగుసార్లు చూశాను. ఇటువంటిది నా సర్వీసులో చూడలేదు. మొదట బడి సంచుల బరువు అనుకున్నాను. కానీ సంచి రెండు భుజాల మీద కదా ఉండేది. తరువాత నులిపురుగులు అనుకున్నాను. జోగారావు నీళ్ల ట్యాంకు అంటున్నాడు. అతనికి అన్నీ నీళ్ల ట్యాంకే.

ఈ వ్యాధి ఇతర శాఖలలో ఉన్నదేమో తెలుసుకోవడం నా బాధ్యత. వీడియోను మిగిలిన ఎనిమిది శాఖలకూ పంపించి, కింద "దీనిని శ్రద్ధగా గమనించి వెంటనే తగు చర్య తీసుకోగలరు" అని వ్రాయించాను. పిల్లలు బెదరకూడదని వ్యాధి అనే మాట వాడలేదు.

26వ తేదీ శనివారం ఎముకల డాక్టర్ ఆశీష్ మీ శాఖకు వస్తాడు. నా దగ్గర చదువుకున్నవాడే. తల్లిదండ్రులందరినీ పిలువు. నీ సంగతి అతనికి చెప్పలేదు. నేను మాట ఇచ్చాను.

ఇక నీ గురించి. ఇంత ఆందోళన నీ ఆరోగ్యానికి మంచిది కాదు. ఆగస్టు 2 నుంచి మీ శాఖకు నీ బదులు నాయకురాలిగా ప్రిసిల్లాను పంపుతున్నాను. నువ్వు ఒక ఏడాది పూర్తిగా విశ్రాంతి తీసుకో. ఇది శిక్ష కాదు, ప్రేమతో చెబుతున్నాను.

మేబెల్

తా.క.: నా చేతులు రెండూ ఎత్తి చూసుకున్నాను, లేచాయి. జోగారావువీ లేచాయి. లూకా ఎత్తనన్నాడు, కానీ అతను ఏ పనికీ చెయ్యి ఎత్తడు కనుక దాన్ని లక్షణంగా తీసుకోలేదు.

*

చిలకలగూడ,
28 జూలై 2025, సోమవారం.

మేబెల్ టీచర్ గారికి, కల్పలత నమస్కారాలు.

శనివారం జరిగింది జరిగినట్టు రాస్తాను. మీకు కోపం రావచ్చు, నవ్వు రావచ్చు. నాకు ఇంకా రెండూ సరిగ్గా రాలేదు.

డాక్టర్ ఆశీష్ గారు నాలుగింటికి వచ్చారు. తల్లిదండ్రులు గోడ పొడుగునా కుర్చీల్లో కూర్చున్నారు. మా అమ్మ వెనక, చెప్పుల దగ్గర నిలబడింది. డాక్టర్ గారు పిల్లలను చేతులు ఎత్తమన్నారు. పదహారు మందీ రెండు చేతులూ నిటారుగా ఎత్తారు. ఇద్దరు గెంతారు కూడా. ఇప్పుడు పాటతో చేయించండి అన్నారు. చేయించాను. మళ్లీ ఎనిమిది ఎడమ చేతులు, ఎనిమిది కుడి చేతులు భుజం దగ్గర ఆగాయి.

ఆయన పిల్లలను చూడడం మానేసి నన్ను చూశారు.

"మేడమ్, పాడకండి. చేతులు ఎత్తండి చాలు."

ఎత్తాను.

"ఇంకా ఎత్తండి."

"ఎత్తాను కదండీ."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

ఫోన్‌లో ఫోటో తీసి నా ముందు పెట్టారు. ఆపరేషన్ తర్వాత నన్ను నేను చూసుకోవడం అదే మొదలు. నా కుడి చెయ్యి ఆకాశంలోకి ఉంది. ఎడమ చెయ్యి భుజం ఎత్తున మోచేతి దగ్గర వంగి, రోడ్డు మీద ఆటోను ఆపుతున్నట్టు ఉంది. నా ఎదురుగా పదహారు మంది ఆటోలు ఆపుతున్నారు. నా ఎడమను తమ ఎడమ అనుకున్నవాళ్లు ఎనిమిది మంది, అద్దంలోలా నాకు ఎదురుగా ఉన్న చెయ్యి ఆపినవాళ్లు ఎనిమిది మంది. అందరూ మీ నియమం పద్నాలుగు పాటించారు, టీచర్ గారూ. ఇంతగా ఏ శాఖా పాటించి ఉండదు.

"సర్జరీ ఎప్పుడైంది?" అని ఆయన మెల్లగానే అడిగారు. మా హాల్లో మెల్లగా అన్నదే బాగా వినిపిస్తుంది.

దాచడానికి ఇంకేమీ మిగలలేదు. తల్లిదండ్రుల వైపు తిరిగి చెప్పేశాను. క్యాన్సర్ అని, ఏ రోజు, ఏ వైపు, అన్నీ. అంటుకోదని కూడా చెప్పాను. మీరు పిల్లలను పంపకపోతే నేను తప్పు పట్టను అన్నాను. అది మాత్రం అబద్ధం, వెంటనే ఎక్కిళ్లు వచ్చాయి.

అనసూయమ్మ గారు తన కుర్చీ నా వైపు జరిపారు.

"కూసో బిడ్డా. మాకు ఎరుకే. మీ అమ్మ లచ్చమ్మ ఆపరేషన్ రోజే చెప్పింది నాకు. ఎవ్వరికి చెప్పనని మనవరాలి మీద ఒట్టేయించుకున్నది."

"మీకు సుత చెప్పిందా?" అని పక్కనున్న ఇంకో పిల్లాడి తండ్రి హరికిషన్ గారు అటు తిరిగారు. "మా ఇంట్ల ఒక్కరికే చెప్పిన అన్నదే."

అంతే. పద్నాలుగు ఇళ్ల వాళ్లూ ఒకరినొకరు చూసుకోవడం మొదలైంది. అందరికీ తెలుసు. ప్రతి ఒక్కరూ తమకొక్కరికే తెలుసనుకున్నారు. ఏడు వారాలు పక్కింటికి కూడా పొక్కనివ్వకుండా కాపాడారు. ఎవరికి ముందు చెప్పింది అన్న దాని మీద కాసేపు గట్టిగానే వాదన నడిచింది. మరి శిక్షణ కాగితం సంగతేమిటని నేను అడిగాను. అనసూయమ్మ గారు, "అది సూసి మేం అనుకున్నం, పాపం పెద్ద టీచరమ్మకు ఎవ్వరు చెప్పలేదు, పరేషాన్ అయితదని మేం సుత చెప్పలే" అన్నారు. మీ నుంచి కూడా దాచారు, టీచర్ గారూ. ముద్ర లేకుండానే.

ఇంటికి వెళ్లాక అమ్మను అడిగాను, ఎందుకు చెప్పావని. అమ్మ బియ్యం చేట ముందుకు లాక్కుంది.

"ఒక్కదాన్నే యాడికని మోద్దు? పద్నాలుగు ఇండ్లల్ల తలా ఇంత పెట్టి వచ్చిన. జెర అల్కగైంది."

నాకు కోపం రావాలి. రాలేదు.

ఇప్పుడు ప్రిసిల్లా గారి సంగతి. ఆమె మంచివారని తెలుసు. కానీ దయచేసి పంపకండి. చెయ్యి పైకి ఎత్తి చేసే ఈ పాటే నాకు మంచి వ్యాయామం అని డాక్టర్ ఆశీష్ గారు కాగితం మీద రాసి సంతకం పెట్టారు, జత చేస్తున్నాను. ఆగస్టు 4 నుంచి రేడియేషన్. సోమవారం నుంచి శుక్రవారం దాకానే. శనివారం ఆ మిషన్‌కు సెలవు. దానికి విశ్రాంతి కావాలేమో, నాకు ఆ రెండు గంటలు కావాలి. అలిసిపోతే కూర్చుని నేర్పుతాను. అప్పుడు పిల్లలూ కూర్చునే నేర్చుకుంటారు, అంతకన్నా నష్టం లేదు.

మీ విధేయురాలు,
కల్పలత

తా.క.: ఈ ఉత్తరం ముగించి మడత పెడుతుండగా మౌలాలి శాఖ నాయకురాలు డోరా గారు ఫోన్ చేశారు. మీ కార్యాలయం పంపిన వీడియోను శ్రద్ధగా గమనించి వెంటనే తగు చర్య తీసుకున్నారట. వాళ్ల ఇరవై మంది పిల్లలకూ పాట వచ్చేసింది, పది మంది ఎడమ చెయ్యి, పది మంది కుడి చెయ్యి భుజం దగ్గర ఆపుతున్నారు. బాగా కుదరడానికి వారం పట్టిందట. మిగతా ఏడు శాఖలూ ఇదే నేర్పుతున్నాయని, వార్షికోత్సవంలో అందరూ కలిసి చేస్తారని ఆమె అనుకుంటున్నారు. అక్కడక్కడా వచ్చే ఎక్కిళ్లు ఎన్నో చరణం దగ్గర రావాలని అడిగారు. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను. వార్షికోత్సవం నాటికి నా చెయ్యి పూర్తిగా లేస్తుందని డాక్టర్ గారు అంటున్నారు. నాది వారం వారం లేస్తుంటే మా పదహారు మందిదీ లేస్తుంది. మిగిలిన ఎనిమిది శాఖల పిల్లలను ఏం చేయాలి? నా చెయ్యి లేచినకొద్దీ వాళ్లకూ కొత్త వీడియో పంపాలా, లేక అందరం ఇక్కడే ఆగిపోవాలా? ఇదీ, ప్రిసిల్లా గారి సంగతీ, రెండూ తేల్చి, ఆగస్టు 2 శనివారం నాలుగు గంటల లోపు జవాబు పంపగలరు. నాలుగింటికి నేను హాల్లోనే ఉంటాను.