ఎవరి కొడుకని అడిగితే

బోగన్‌విల్, కొండ కింది బడి,
1993 ఆగస్టు.

థియోనిలాకు, రాఫెల్ రాసేది.

ఇక్కడ మీ అమ్మా, నేనూ క్షేమం. అక్కడ నీకూ, మన చిన్నదాని కాలికీ నెమ్మదిగా ఉందని తలుస్తాను. ఈ ఉత్తరం సముద్రం దాటి మీ హొనియారాకి పడవలో వస్తున్న నర్సు చేతికిస్తున్నాను. చదివాక పొయ్యిలో పెట్టు.

నువ్వు అడిగినవి ముందు చెబుతాను. మీ అమ్మ చేమ తోటలో ఒక్క మొక్క మిగల్లేదు, ప్రభుత్వ సైనికులు నరికేశారు. ఆవిడ బడి పక్క శిబిరంలో టార్పాలిన్ కింద ఉంటోంది. సైన్యం పంచే బియ్యం ఇవ్వబోతే, "ఇళ్ళు కాల్చినోళ్ళ కూడు నాకెందుకు? ఆ కెప్టెన్‌కే పెట్టండి, పాపం చిక్కిపోయాడు" అంటుంది. పీటర్‌ని తీసుకెళ్ళిన లారీ తిరిగొచ్చింది. మీ అన్న రాలేదు.

నాలుగు ఊళ్ళు తగలబెడితే కొండమీద తిరుగుబాటు చేస్తున్న కుర్రాళ్ళు దిగొస్తారని మీ మేనమామ అన్నాడని రాశావు. ఆయన్ని ఒకసారి ఇక్కడికి రమ్మను. వంతెన దగ్గర సైనికుడు తుపాకీ దెబ్బకి చచ్చిననాటికి మీ వంశంలో తుపాకీ పట్టినవాడు ఒక్కడూ లేడు. దానికి బదులని మీ ఊరు కాల్చిన వారానికి ఐదుగురు కొండెక్కారు. ఈ మాట కెప్టెన్ మొహం మీదే అన్నాను.

"భయం లేకపోతే వీళ్ళు మాట వినరు మాస్టారూ."

"భయపడ్డవాడు ఇంట్లో దాక్కుంటాడు కెప్టెన్ గారూ. మీరు ఇల్లే లేకుండా చేశారు. ఇక వాడెక్కడికి పోతాడు?"

"మీరు పాఠాలు చెప్పుకోండి" అని నవ్వాడు.

చేసినవాడు దొరక్క దొరికినవాణ్ణి కొట్టడం చేతకానితనం. దానికి వ్యూహమని పేరుపెట్టి రేడియోలో చదువుతున్నారు. విని తలూపేవాళ్ళకు కాలిన ఇంటి వాసన తెలియదు.

లినస్ బడికి వెళ్తున్నాడా అని రెండుసార్లు అడిగావు. ఆ ఐదుగురిలో మన అబ్బాయీ ఉన్నాడు.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాను. మిగతాది కూడా నా చేత్తోనే రాయాలి. వంతెన దగ్గర ఆ సైనికుణ్ణి కాల్చింది మా అక్కకీ, మీ అన్న పీటర్‌కీ పుట్టినవాడు. మన పద్ధతిలో వాడు తల్లి వంశం, అంటే మా వంశం. కెప్టెన్ రాజధాని మొరెస్బీ నుంచి వచ్చినవాడు, వాళ్ళవైపు పిల్లలు తండ్రి వంశం. కాల్చినవాడు ఎవరి కొడుకని నన్నే అడిగాడు. పీటర్ కొడుకన్నాను. అబద్ధం కాదు. కానీ వాడు మీ వంశమని అతను అనుకుంటాడని తెలిసే అన్నాను. మా అక్క ఊరు మిగిలింది. మీ పదకొండు ఇళ్ళు పోయాయి.

ఇవాళ పొద్దున మీ అమ్మ దగ్గర ఒప్పుకున్నాను. ఆవిడ నావైపు చూడలేదు.

"తెలుసు. లినస్‌కీ తెలుసు" అంది.

"వాడికెవరు చెప్పారు?"

"నేనే. వాడు నా వంశం పిల్లాడు, దాస్తానా? తుపాకీ పట్టుకుని ముందు నీ దగ్గరికే వస్తానన్నాడు అల్లుడూ. మంచి చొక్కా ఏదైనా ఉంటే తొడుక్కుని కూర్చో."

కెప్టెన్ని అడిగితే ఇంటికి ఇద్దరిని కాపలా పెడతాడు. పెడితే వాళ్ళు లినస్‌ని కాలుస్తారు. అందుకే అడగలేదు. వాడొస్తే తలుపు నేనే తీస్తాను. చిన్నదాన్ని తీసుకుని నువ్వు మాత్రం ఇప్పుడప్పుడే పడవెక్కకు.

ఇట్లు,
లినస్ తండ్రి,
రాఫెల్