కబడ్డీ కొట్టేసి కూచిపూడి

14 నవంబరు 2003, శుక్రవారం

కళాభిమానులకు శుభవార్త! ఈ రోజు నుంచి నేను కూచిపూడి నర్తకిని. పటమటలో పై చదువులకి ఫారిన్ పంపించే కన్సల్టెన్సీ ఆయన, నా అప్లికేషన్‌లో 'కాలేజీ కబడ్డీ కెప్టెన్' కొట్టేసి, స్వహస్తాలతో నాకీ బిరుదు ప్రసాదించాడు.

"నాకు డ్యాన్సు రాదండీ," అన్నాను.

"వాళ్ళేమన్నా వచ్చి ఆడమంటారా అమ్మా? ఆడపిల్లకి కబడ్డీ ఏం బాగుంటుంది?"

ఒళ్ళు మండిపోయింది. మోకాళ్ళు చెక్కుకుపోయేలా ఆడి తెచ్చుకున్న పేరది. అది చెప్పుకోకుండా, అబద్ధమాడి సీటు తెచ్చుకోవాలా? పక్కనే ఉన్న నాన్న గట్టిగా అడుగుతాడని చూశాను.

అడిగాడు, నన్నే.

"కెప్టెన్‌వి నువ్వా?"

కన్సల్టెన్సీ ఆయన కోసం నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగి, నాన్న కోసం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాను.