మందు తక్కువ తూటాలు

భవానీపురం,
10-9-1998

బావగారికి నమస్కారం.

దసరా ఆయుధపూజకు నేను తెప్పించిన మందు తక్కువ తూటాలు పిల్లల టపాకాయల్లా పేలి ఇంటి పరువు తీస్తాయని కబురు పంపారు. మామయ్యగారు బతికినన్నాళ్లూ ఆ పాత రివాల్వరులో అవే వాడారు. పోయిన దసరాకు "మోత అదిరిపోవాలి" అంటూ గట్టి తూటాలు నింపి మీ తమ్ముడి చేతికిచ్చింది మీరే. ఇనుపముక్క ఎగిరిపడింది. రిపేరు చేసినాయన కూడా "ఇక తేలికవే వాడండమ్మా" అన్నాడు. లైసెన్సు ఇప్పుడు నా పేరున ఉంది, పేల్చేది నేనే. మోతే కావాలంటే వన్ టౌన్‌లో లక్ష్మీబాంబులు కొనుక్కురండి.

మీ తమ్ముడు నా కుడిపక్కన నిలబడతారు. ఆయనకు మిగిలింది ఎడమ కన్నే కదా, నేను కనబడాలి.

ఇట్లు,
మీ మరదలు