టీవీలో కనపడిన మచ్చ

నాయనా శీనూ,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు ముచ్చటపడిన ఫోర్‌కే టీవీ ధర తగ్గిందని నీ చెల్లెలు కొనుక్కొచ్చింది. బొమ్మ మసగ్గానే వచ్చింది.

"మన కేబుల్లో ఇంకా ఆ క్వాలిటీ రావడంలేదు మా" అంటూ, బనగానపల్లె మామిడితోటలో నీ ఫోన్‌తో తీసిన వీడియో పెట్టింది. నువ్వు ఎదురుగా నిలబడినట్టే ఉంది. నీ నుదుటి మీది మచ్చ కూడా.

"అన్న సైకిల్ మీంచి పడినాడంటివి గదా మా! ఇంత లోతుగా తెగిందా?"

అన్నం పారబోశావని నీ చిన్నప్పుడు నేను విసిరిన గరిటె దెబ్బ అది. సైకిల్ మాట నువ్వే కల్పించి, మీ నాయనకు కూడా అదే చెప్పావు.

"అవును, పడినాడు" అన్నాను.

నువ్వు టీవీలో నవ్వుతూనే ఉన్నావు. నేనే తలెత్తి చూడలేకపోయాను.

మీ అమ్మ