సమీకరణం కింద సున్నా

శుక్రవారం

ఉదయం టమాటా బుట్టలతో నిండిన పుంగనూరు బస్సు దిగాక చూస్తే, నా థీసిస్ కాపీ అట్ట మీద టమాటా గింజ ఒకటి అంటుకుని ఉంది.

ల్యాబ్‌లో మూడో అధ్యాయం తెరిచాను. నేను చేత్తో సాధించిన సమాకలనం మీద కర్సర్ పెట్టి, థీసిస్ టైపు చేసే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌నే లెక్క కట్టమన్నాను. సమీకరణం కిందే జవాబు వచ్చింది: సున్నా. నేను కొత్తగా కనిపెట్టానని రాసుకున్నది అసలు లేనేలేదన్నమాట. అది పోతే ఆ అధ్యాయంలో ఏమీ మిగలదు. థీసిస్ సోమవారం ఇవ్వాలి.

గైడ్ సార్‌ను పిలిచి చూపించాను. "సార్, ఈడ సున్నా వస్తాండాది."

"యాల నొక్కినావమ్మా దాన్ని?" అని నవ్వారు. "ఆ జవాబు లైను తీసెయ్. పరీక్ష చేసేవాళ్లు మళ్లా లెక్క కట్టి సూస్తారా?"

తీసేశాను. పేజీ మళ్లీ అందంగా కనిపించింది.

ఇంటికి దారంతా ఆయన్నే తప్పుపడుతూ వచ్చాను.

ఆ సున్నా మార్చిలో కూడా ఒకసారి వచ్చింది. అప్పుడు నేను ఎవరికీ చూపించలేదు.